పిడుగుకి యాభై నిండింది

మా బ్యాండు పేరు పిడుగు. మొన్నటిదాకా. ఇప్పుడు ప్రభుత్వ రికార్డుల్లో మా పేరు చిరుజల్లు భక్త బృందం. ఈ మార్పు మేం చేసుకున్నది కాదు, వయసు చేసింది. వయసు ఊరికే ఏదీ చెయ్యదు కదా, దానికో మండలి ఉంది.

ముందు మేమెవరమో చెప్పేస్తాను. మాది విశాఖపట్నం, కంచరపాలెం. పాడేది పైడిరాజు. సిటీ బస్సులో కండక్టరు కాబట్టి మైకు లేకపోయినా వెనక సీటుదాకా వినిపిస్తాడు. గిటారు స్టీఫెన్, బడిలో డ్రిల్లు మాస్టారు. బేస్ గిటారు నేను, నా పేరు ఈశ్వర్రావు, మిక్సీలు బాగుచేస్తాను. డ్రమ్స్ ఎర్రన్న. వాడిది కార్ల టింకరింగ్ షెడ్డు. ఎక్కడో గుద్దేసుకొచ్చిన కార్లకి సుత్తితో కొట్టి సొట్టలు తీస్తాడు. పగలంతా బతుకుతెరువుకి కొట్టి, సాయంత్రం సరదాకి కొడతాడు. వాడి చేతులకి ఆ రెండూ ఒకటే.

కుర్రతనంలో మొదలెట్టాం. అప్పట్లో మా ప్యాంట్లు నిజంగానే చిరిగి ఉండేవి, అది ఫ్యాషనని తర్వాత తెలిసింది. మేం సొంతంగా కట్టుకున్న పాట ఒకటే, కుళాయి పాట. "రావు రావు నీళ్లు రావు, అడగబోతే సారు లేరు, బిందె బోర్లా, బతుకు బోర్లా" అని పైడిరాజు అరుస్తుంటే వెనక ఎర్రన్న వాయించేవాడు. పెళ్లిళ్లలో వాయించాం, కాలేజీల్లో వాయించాం, ఒకసారి చేపల వేలం దగ్గర కూడా వాయించాం. బీచ్‌లో ఏటా జరిగే సాగర సంబరంలో మాత్రం ఎప్పుడూ పిలుపు రాలేదు. మా ఊరి జనం ముందు, సముద్రం పక్కన, నలుగురం కలిసి ఒక్కసారి వాయించాలని ఎర్రన్నకి చచ్చేంత కోరిక. ఈ ఏడు పిలుపు వచ్చింది. ఎర్రన్న డ్రమ్ములకి కొత్త తోళ్లు వేయించాడు, తనకి కొత్త చొక్కా కుట్టించుకున్నాడు.

ఆ వెనకే మండలి కూడా వచ్చింది.

ఎవరో పెద్దాయన విదేశాలు తిరిగొచ్చి నివేదిక ఇచ్చాడట. ప్రపంచంలో ఏ రాక్ బ్యాండు చూసినా వయసుతోపాటు మారుతోందట. ముందు జుట్టు పెంచి అరుస్తారు. తర్వాత జుట్టు కత్తిరించి ప్రేమంటారు. జుట్టు పల్చబడ్డాక తత్వం అంటారు. ఊడిపోయాక దేవుడంటారు. మన రాష్ట్రంలో ఈ పరిణామం సకాలంలో జరగడం లేదనీ, యాభై దాటినవాళ్లు కూడా ఇంకా మొదటి దశలోనే అరుస్తున్నారనీ, దీనివల్ల సాంస్కృతిక ప్రగతి కుంటుపడుతోందనీ ఆయన తేల్చాడు. వెంటనే వయోనుగుణ సంగీత మండలి వెలిసింది. ముప్ఫై లోపు రాక్. నలభై దాకా ప్రేమ. యాభై దాకా తత్వం. ఆపైన భక్తి. డెబ్భై దాటితే వాయిద్యం ఒళ్లో పెట్టుకుని కూర్చోవచ్చు, వాయించకూడదు. దాన్ని ధ్యాన సంగీతం అంటారు.

మమ్మల్ని విచారణకి పిలిచారు. సంయుక్త సంచాలకులు చిదానందమూర్తి గారు ఎదురుగా కూర్చుని, మా ఆధార్ కార్డులు చూసి సగటు వయసు కట్టారు.

"మీ బృందం యొక్క సగటు వయస్సు యాభై నాలుగు. కావున మీరు భక్తి విభాగములోనికి స్వయంచాలకముగా పరిణతి చెందియున్నారు. అభినందనలు."

"మేమెప్పుడు సెందేం సార్?" అన్నాడు పైడిరాజు.

"గత ఒకటవ తారీఖు నుండి."

"మాకేటీ తెలవనేదు మరి."

"పరిణతి తెలియకుండానే వచ్చును. దానిని గుర్తించుటకే మండలి ఉన్నది."

స్టీఫెన్ మెల్లగా అడిగాడు. "సార్, నేను చర్చికి వెళ్తాను. వీళ్లు సింహాచలం వెళ్తారు. ఏ భక్తి పాడాలి?"

"ఏ దేవుడైననూ అభ్యంతరము లేదు. వేగము మాత్రము నిమిషమునకు అరవై దెబ్బలు మించరాదు."

కుళాయి పాట మాట నేను ఎత్తాను. మా పాట అదొక్కటే కదా అని. ఆయన పాట మొత్తం చదివి కళ్లజోడు తుడుచుకున్నారు.

"దీనిని పూర్తిగా నిషేధించవలసిన పని లేదు. అన్వయము మార్చిన చాలును. బిందె అనగా దేహము. నీరు అనగా అనుగ్రహము. మున్సిపాలిటీ సారు అనగా పరమాత్మ."

"పరమాత్మేటి సార్?" అన్నాడు పైడిరాజు.

"ఎంత పిలిచిననూ పలుకడు గదా."

నిజం చెప్పాలంటే అర్థం బాగానే కుదిరింది.

ఎర్రన్న కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. "నా డ్రమ్ములో సార్?"

"భక్తిలో డ్రమ్ములకు తావు లేదు. మీకు చిడతలు మంజూరు చేయబడినవి."

ఆ మర్నాడే ఇద్దరు వచ్చి షెడ్డులో డ్రమ్ములన్నిటినీ గోనెసంచుల్లో కట్టి లక్క సీలు వేశారు. ఎర్రన్న చేతిలో చిడతలు పెట్టి సంతకం తీసుకున్నారు. వాడి పెళ్లాం పైడితల్లి గుమ్మంలో నిలబడి అంతా చూసింది.

"ఈయన సేతులెక్కడ, ఆ పుల్లలెక్కడ. ఏనుగుకి దువ్వెనిచ్చినట్టున్నాది," అంది.

తర్వాత మాకు రూపాంతర శిక్షణ ఇచ్చారు. యాభై దాటిన కళాకారుడు ఎలా కనబడాలో నేర్పడానికి ఒక మేడమ్ వచ్చింది. కండువా ఎటునుంచి ఎటు వెయ్యాలి, కళ్లు ఎంతవరకు ముయ్యాలి, తల ఎంత ఊపాలి అన్నీ చూపించింది. పక్కకి ఊపితే భక్తి, కిందికీ పైకీ ఊపితే రాక్. స్టీఫెన్ తల అలవాటుకొద్దీ కిందికే పోయేది. చివరికి మెడకి పట్టీ వేయించారు. పైడిరాజుకి గొంతు తగ్గించడం రాలేదు. "మేడమ్, నాను తగ్గిస్తే వెనకోళ్లు టిక్కెట్టు తియ్యరు," అని మొత్తుకున్నాడు.

ఎర్రన్న సంగతి ఇంకా ముదిరింది. డ్రమ్ములు పోయాక వాడు సొట్టలు తీసే పని మీద విరుచుకుపడ్డాడు. కారు డోరు బల్లమీద పడుకోబెట్టి కొడుతుంటే కుళాయి పాట చప్పుడు వీధంతా వినబడేది. పిల్లలు గంతులేసేవారు. కార్లవాళ్లు బండి ఇచ్చేసి వెళ్లకుండా నిలబడి వినేవారు. ఎవడో ఫిర్యాదు పెట్టాడు. చిదానందమూర్తి గారు స్వయంగా షెడ్డుకి వచ్చారు.

"యాభై ఏడేళ్ల వ్యక్తి నాలుగు దెబ్బల లయలో సుత్తి వాడుట నిబంధనలకు విరుద్ధము."

"సొట్ట తీత్తన్నాను సార్."

"సొట్టను భక్తితో తీయుడు."

"నెమ్మదిగా కొడితే రేకు మాట ఇనదు సార్. సల్లారిపోద్ది."

"రేకుకు నచ్చజెప్పుట మా పరిధిలోనిది కాదు."

ఆ రోజు నుంచి ఎర్రన్న గుడిగంటలా ఒక దెబ్బ కొట్టి, ఆగి, ఇంకో దెబ్బ కొట్టేవాడు. పొద్దున్నే ఇచ్చిన కారు సాయంత్రానికి కూడా తయారయ్యేది కాదు. కార్లు పక్కవీధి షెడ్డుకి మళ్లాయి. అక్కడ టింకరు కుర్రాడు, ఎంత వేగంగా కొట్టినా చట్టబద్ధమే.

"బావా, సంబరంలో వాయించకపోనా ఫరవానేదనుకున్నాను," అన్నాడు ఎర్రన్న నాతో. "ఇప్పుడు సేతులు నావి కాకుండా పోతన్నాయి."

సరిగ్గా ఆ రోజుల్లోనే, మేమంతా షెడ్డులో ఉండగా, ఒక కుర్రాడు వచ్చాడు. ఒంటిమీద నల్ల తోలుజాకెట్టు, చెవికి రింగు, మోకాళ్ల దగ్గర కొలిచి చింపిన ప్యాంటు. ఎండకి చెమటలు కారిపోతున్నాడు. మెడలో తులసి మాల కనబడకుండా కాలరు పైకి లాక్కుంటున్నాడు.

"అంకుల్, నా పేరు లోహిత్. మాది నామరసం బ్యాండు. మీరే కాపాడాలి," అన్నాడు.

విషయం ఏమిటంటే, ఈ కాలం కుర్రాళ్లకి రాక్ అక్కర్లేదు. భజనలు కావాలి. సాయంత్రమైతే కాఫీ షాపుల్లో చేరి, లైట్లు తగ్గించి, గిటార్లు పట్టుకుని నామసంకీర్తన చేస్తున్నారు. ఆడా మగా చప్పట్లు కొట్టి ఊగిపోతున్నారు. నామరసం అందులో పేరున్న బ్యాండు. వాళ్ల సగటు వయసు ఇరవై రెండు. మండలి వాళ్లని రాక్‌లో పడేసింది.

"మాకు కోపం రావట్లేదని నోటీసు ఇచ్చారంకుల్," అన్నాడు లోహిత్. "రోజూ క్లాసుకెళ్తున్నాం. దేనిమీదైనా కోపం తెచ్చుకోమంటారు. ఎంత ప్రయత్నించినా శాంతిగానే ఉంటోంది. మూర్తి సార్ మా అమ్మని పిలిపించి, పిల్లాణ్ని ఇంట్లో కాస్త విసిగించండి అన్నారు."

"మరి ఇసిగించిందా?" అన్నాడు పైడిరాజు.

"రెండు రోజులు ఉప్పు లేకుండా వండింది. నాకు వైరాగ్యం ఇంకా పెరిగింది."

"నువ్వేటి వాయిత్తావు?" అని అడిగాడు ఎర్రన్న.

"తబలా అంకుల్. ఇప్పుడు డ్రమ్స్ ముందు కూర్చోబెట్టారు. కర్రలతో కొట్టడం హింసలా అనిపిస్తోంది."

ఎర్రన్న వాడి వేళ్లకేసి చాలాసేపు చూశాడు. సంబరంలో మొదట వాళ్ల రాక్, వెంటనే మా భక్తి. వేదిక వెనక పెద్ద నీలం తెర, తెర వెనక బోలెడు చోటు. ఎవరు ముందు అన్నారో గుర్తులేదు కానీ, అందరికీ ఒకేసారి తోచింది. వాళ్లు ముందు నిలబడి చేతులూపితే వెనకనుంచి మేం వాయిస్తాం. మేం ముందు కూర్చుని కళ్లు మూసుకుంటే వెనకనుంచి వాళ్లు పాడతారు.

"నా డ్రమ్ములకి సీలున్నాది గదేటి," అన్నాడు ఎర్రన్న. "అది పీకితే జైలే."

అని షెడ్డంతా కలయజూశాడు. కళ్లు వెలిగాయి.

సంబరం రోజు సాయంత్రం తెర వెనక ఎర్రన్న సామాను సర్దుకున్నాడు. ఒక బానెట్టు, రెండు డోర్లు, ఒక మడ్‌గార్డు, పాత వ్యాను డిక్కీ. సీలు వేసిన డ్రమ్ము ఒక్కటీ లేదు. కొత్త చొక్కా వేసుకొచ్చాడు, ఎవరికీ కనబడదని తెలిసి కూడా.

తెర ముందు కుర్రాళ్లు తోలుజాకెట్లలో నిలబడ్డారు. పైడిరాజు వెనకనుంచి "రావు రావు" అని ఒక్క కేక వేశాడు. ఎర్రన్న బానెట్టు మీద పడ్డాడు. ఇన్నేళ్లలో ఎన్నో డ్రమ్ములు వాయించాడు గానీ అలాంటి చప్పుడు నేనెప్పుడూ వినలేదు. గోనెసంచుల్లో మగ్గిందంతా ఒకేసారి బయటికొచ్చినట్టుంది. జనం లేచారు. నీళ్లు రాని వార్డులన్నీ అక్కడే ఉన్నాయి కాబట్టి పాట వాళ్లకి అన్వయం అవసరం లేకుండానే అర్థమైంది.

ముఖ్య అతిథి మంత్రిగారు ఉత్సాహం పట్టలేక, కుర్రాళ్లకి శాలువాలు కప్పుదామని పాట మధ్యలోనే వేదిక ఎక్కేశారు. పెద్దలు ఎదురొస్తే ఏం చెయ్యాలో లోహిత్‌కి ఇంట్లో బాగా నేర్పారు. కర్రలు పక్కన పెట్టి, లేచి, వంగి మంత్రిగారి కాళ్లకి దండం పెట్టాడు. మిగతావాళ్లు కూడా గిటార్లు దించి వరసలో నిలబడి దండం పెట్టారు.

పాట ఆగలేదు. ఎర్రన్నకి తెర అవతల ఏం జరుగుతోందో ఎలా తెలుస్తుంది? వాడు సరిగ్గా అప్పుడే వ్యాను డిక్కీ అందుకున్నాడు.

చిదానందమూర్తి గారు పరుగున తెర వెనక్కి వచ్చారు. మేం బొమ్మల్లా నిలబడిపోయాం. ఎర్రన్న ఒక్కడే కళ్లు మూసుకుని తల కిందికీ పైకీ ఊపుతూ వాయిస్తున్నాడు. మూర్తిగారు సంచిలోంచి నిబంధనల పుస్తకం తీశారు. పేజీలు తిప్పారు. మొహంలో రంగు మెల్లగా తిరిగొచ్చింది.

"వేదిక అనగా ప్రేక్షకులకు ఎదురుగా అమర్చబడిన ఎత్తైన స్థలము," అని పైకి చదివారు. "ఇది వేదిక కాదు. వేదిక కానిచోట జరుగునది ప్రదర్శన కాదు. ప్రదర్శన కానపుడు ఉల్లంఘన లేదు. ఇక్కడ ఏమియు జరుగుట లేదు. కానిండు."

కానిచ్చాం. తర్వాత మా వంతులో కుర్రాళ్లు వెనక చేరి ఎంత కమ్మగా భజన చేశారంటే, ముందు కూర్చున్న మాకే భక్తి పుట్టింది. చివర్లో రెండు బ్యాండ్లకీ ఉత్తమ వయోనుగుణ పురస్కారం ఇచ్చారు. ఏ వయసుకి ఏది సహజమో ఈ రోజు కళ్లారా చూశామని వ్యాఖ్యాత గద్గదంగా చెప్పింది.

అంతటితో పోయేదే. కానీ మంత్రిగారు రాజకీయాల్లో ఉన్నవారు, తెర వెనక ఎవరో ఉంటారని ఆయనకి ముందే తెలుసు. "ఆ వాయించినోడెవడో గానీ, వచ్చే నెల యువజనోత్సవంలో తెర ముందుకి రావాలి. నేను చూడాలి," అనేసి కారెక్కారు.

మూర్తిగారికి చెమటలు పట్టాయి. యాభై ఏడేళ్లవాణ్ని రాక్‌లో కూర్చోబెడితే చట్టం ఒప్పుకోదు. కూర్చోబెట్టకపోతే మంత్రి ఒప్పుకోడు. మండలి అత్యవసరంగా కూర్చుని దారి కనిపెట్టింది. ఎర్రన్నని పిలిచి ఉత్తర్వు చేతిలో పెట్టారు.

"వేదికపై ఉన్నంతసేపు మీ వయస్సు ఇరవై ఆరుగా భావించబడును."

"ఎవులు బావిత్తారు సార్?"

"ప్రభుత్వము."

"మావోళ్లూ వత్తారా నాతోటి?"

"ఒక ఆర్థిక సంవత్సరమునకు ఒక్కరినే భావించుటకు వీలున్నది. మీరు నామరసముతో కలిసి వాయింతురు."

ఎర్రన్న ఉత్తర్వు తిరిగిచ్చేయబోయాడు. పైడిరాజు వాడి చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వెల్లరా. నలుగురిలో ఒక్కడైనా కుర్రోడవ్వాలి గదా."

"మీరు నేకుండా నానేటి వాయిత్తాన్రా?"

"అది తరవాత సూద్దాం. ముందు డ్రమ్ములు ఇడిపించుకో."

సీళ్లు తీశారు. సుత్తి కూడా విడుదలైంది. ఇంట్లో మాత్రం గందరగోళం మొదలైంది. ఎర్రన్న కొడుక్కి ముప్ఫై ఏళ్లు. మండలి కంప్యూటరు నుంచి వయసు మిగతా కంప్యూటర్లకి పాకిపోయి, రేషన్ ఆఫీసువాళ్లు తండ్రి కంటే కొడుకు పెద్ద ఎలా అయ్యాడో వివరణ అడిగారు. ఇంకో శాఖ నుంచి ఇద్దరు మేడమ్‌లు వచ్చి పైడితల్లిని కూర్చోబెట్టి విచారించారు. పెళ్లినాటికి పెళ్లికొడుకు ఇంకా పుట్టలేదు కాబట్టి ఇది బాల్యవివాహం కిందికి వస్తుందా రాదా అని వాళ్లలో వాళ్లే వాదించుకున్నారు.

"పుట్టకముందే నా పేణం తినీసినాడమ్మా," అని చెప్పింది పైడితల్లి. "అదే రాసుకోండి."

యువజనోత్సవం కూడా బీచ్‌లోనే పెట్టారు. ఈసారి మండలి ఇంకో అడుగు ముందుకేసింది. వాయించేవాళ్లకి వయసుంటే వినేవాళ్లకి ఉండదా? యాభై దాటినవాళ్లు రాక్ చూడకూడదు. అందుకని మా అందరికీ ఒక పక్క తాడు కట్టి, కుర్చీలు సముద్రం వైపు తిప్పి వేశారు. వేదిక మా వీపుల వెనక ఉంది. అలలు చూస్తూ ఆత్మవిమర్శ చేసుకోమని బోర్డు పెట్టారు. పైడితల్లి కూడా మాతోనే కూర్చుంది. భర్త ఇరవై ఆరేళ్లవాడు అక్కడ, ఆవిడ ఇక్కడ. నేనూ స్టీఫెనూ గిటార్లు ఒళ్లో పెట్టుకున్నాం, భక్తికి పనికొస్తాయేమోనని.

వెనక ఎర్రన్న పేరు పిలిచారు. చప్పట్లు మోగాయి. డ్రమ్ము మొదలైంది. చేతులు వాడివే, కానీ వాయిస్తూ వాయిస్తూ ఎవరికోసమో ఆగుతున్నట్టుంది. కండక్టరు లేని బస్సు ఎక్కడ ఆగాలో తెలీక ఊరంతా తిరిగినట్టుంది.

"ఆడికి పాట లేదురా," అన్నాడు పైడిరాజు సముద్రంకేసి చూస్తూనే.

అంతలో డ్రమ్ము ఆగిపోయింది. జనంలో గుసగుసలు. మేం తలతిప్పి చూడకూడదు కాబట్టి చూడలేదు. ఇసుకలో బరువుగా అడుగుల చప్పుడు దగ్గరైంది. ఎర్రన్న తాడు కిందనుంచి దూరి, చంకలో ఒక డ్రమ్ముతో మా వరసలోకి వచ్చి, పైడితల్లి పక్కన ఖాళీ కుర్చీలో కూలబడ్డాడు. డ్రమ్ము మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు.

వెనకే చిదానందమూర్తి గారు వగరుస్తూ వచ్చారు. "ఏమిటిది? ఇరవై ఆరేళ్లవారు ఈ ఆవరణలోనికి రాకూడదు."

"అది టేజీ మీద సార్. టేజీ దిగిపోనాక నాకు యాభయ్యేడే."

"అటులైన డ్రమ్ము వాయించరాదు."

"టేజీ కాని కాడ వాయిత్తే అది పెదర్సనే కాదని తమరే సెప్పినారు గదా. ఇక్కడేటీ జరగట్లేదు."

మూర్తిగారు పుస్తకం తీశారు. ముందునుంచి వెనక్కి తిప్పారు, వెనకనుంచి ముందుకి తిప్పారు. ఈలోగా పైడిరాజు సముద్రంకేసి గొంతెత్తాడు. ఎర్రన్న అందుకున్నాడు. స్టీఫెన్ మెడపట్టీ తీసి జేబులో పెట్టుకున్నాడు. నేను కూడా కలిపాను. నలుగురం ఒకే వరసలో, మా ఊరి జనం మధ్య, ముందు సముద్రం తప్ప ఏమీ లేకుండా వాయించాం. తాడు లోపలున్న యాభై దాటినవాళ్లందరూ లేచి నిలబడి, వేదికకి వీపు తిప్పే ఉంచి, చట్టప్రకారం ఊగడం మొదలెట్టారు.

వేదిక మీద లోహిత్, ఎర్రన్న వదిలేసిన డ్రమ్ముల జోలికి పోకుండా, తబలా తెచ్చుకున్నాడని తర్వాత తెలిసింది. అటువైపు వినేవాళ్లెవరూ మిగల్లేదు కాబట్టి అభ్యంతరం చెప్పేవాళ్లు కూడా లేరు. మొదట కుర్రకారు కుర్చీలు ఇటు తిప్పుకున్నారు, తర్వాత వాళ్ల తల్లిదండ్రులు, చివరికి మంత్రిగారు కూడా తన సోఫా తిప్పించుకున్నారు.

మూర్తిగారు పుస్తకం మూసి, పక్కనున్న గుమాస్తాని పిలిచారు.

"ఏమియు జరుగలేదని వ్రాసుకొనుము."

"ఎప్పటిదాకా జరగలేదని రాయమంటారు సార్?" అన్నాడు గుమాస్తా.

మూర్తిగారు మాకేసి ఒకసారి చూశారు. పైడిరాజు అప్పుడే రెండో చరణం ఎత్తుకున్నాడు.

"ఇంకను చాలాసేపు జరుగదు," అని, ఆయన కూడా ఒక కుర్చీ సముద్రం వైపు తిప్పుకుని కూర్చున్నారు.